లీలారాణి చెవిలో కొరియా బేస్‌బాల్

డబ్లిన్ పక్కన క్లోనీ అనే ఊళ్లో లీలారాణి కంటే లీలారాణి భయానికే పేరెక్కువ. "ఆ భయం ఆంటీ ఉంటారు చూడండి" అంటే చాలు, తెలుగువాళ్లెవరైనా తీసుకెళ్లి ఆవిడ గుమ్మం ముందు దింపుతారు. దింపాక ఆవిడ తలుపు తియ్యదు, అది వేరే సంగతి. కిటికీ అద్దం లోపలి నుంచే "మాస్కు పైకి లాగమ్మా, ముక్కు కనబడుతోంది" అని సైగ చేస్తుంది.

కాకినాడ మనిషి. ఆకాశంలో మెరుపు కనబడితే టీవీ ప్లగ్గు, ఫ్రిజ్ ప్లగ్గు, చివరికి ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్ చార్జరు కూడా పీకేసే రకం. మోటర్‌వే మీద కారు నడపదు. వీధిలో గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, ఎదురుపడితే ఏ తప్పూ చెయ్యకుండానే అవతలి వైపుకి దాటేస్తుంది. అలాంటి మనిషి నెత్తిన కరోనా వచ్చిపడితే ఇంకేముంది! పాల డబ్బాలు సబ్బుపెట్టి కడిగింది. అరటిపళ్లకి పసుపునీళ్ల స్నానం చేయించింది. భర్త కృష్ణప్రసాద్ ఊరి పక్కనే డేటా సెంటర్లో పనిచేస్తాడు. ఇంట్లో కూర్చుని చేసే పని కాదది, రోజూ వెళ్లాల్సిందే. సాయంత్రం వచ్చాక ఆయన వెనక చెక్క షెడ్డులో బట్టలు విప్పేసి, తువ్వాలు చుట్టుకుని, చలిలో గజగజ వణుకుతూ గడ్డి మీద గెంతుకుంటూ ఇంట్లోకి రావాలి. గోడ అవతలి ముసలాయన అది చూసి రోజూ చెయ్యూపేవాడు.

"నా పరువు తీసేశావు లీలా," అనేవాడాయన.

"పరువు పోతే మళ్లీ వస్తదండి. ఊపిరి పోతే రాదు," అనేది ఆవిడ, బకెట్లో డెట్టాల్ కలుపుతూ.

పదకొండేళ్ల కూతురు నిఖిల మెట్ల మీద కూర్చుని ఇదంతా చూసేది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ నోటికి రాదు. "యూ'ర్ గ్రాండ్ అమ్మా, కామ్ డౌన్," అనేది, ఇక్కడి పిల్లల యాసలో. గ్రాండ్ అంటే ఇక్కడ అంతా బాగానే ఉందని. అయితే లీలారాణి కామ్ డౌన్ అయిన రోజు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆవిడ ఉద్యోగం కూడా చిత్రమైందే. డబ్లిన్‌లో ఒక కంపెనీ ఉంది. ప్రపంచంలో ఎక్కడ ఏ ఆట జరిగినా అక్కడ పడ్డ ప్రతి బంతి వివరాన్నీ క్షణాల్లో కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ సమాచారం కావలసినవాళ్లకి పంపడం దాని వ్యాపారం. లీలారాణి అందులో క్రికెట్ వైపు పనిచేసేది. మార్చిలో ఇంటి నుంచి పనిచెయ్యమన్నారు. ఆ వెంటనే ప్రపంచంలో ఆటలన్నీ ఆగిపోయాయి. ఫుట్‌బాల్ లేదు, క్రికెట్ లేదు, గుర్రాలు కూడా లాయాల్లోనే ఉండిపోయాయి. బంతి లేని చోట బంతుల లెక్క రాసేవాళ్లతో ఏం పని? చాలామందిని ఇంటికి పంపేశారు.

సరిగ్గా అప్పుడు, మే మొదట్లో, కొరియా వాళ్లు తమ బేస్‌బాల్ లీగ్ మొదలుపెట్టారు. ఖాళీ స్టేడియాల్లో, ఒక్క ప్రేక్షకుడు లేకుండా. ఆట లేక మొహంవాచి ఉన్న లోకమంతా దాని మీద పడింది. "బేస్‌బాల్ ఎవరికి వచ్చు?" అని కంపెనీ అడిగితే లీలారాణి చెయ్యెత్తింది. రాదు. కానీ చెయ్యెత్తకపోతే ఏమవుతుందో అన్న భయం ముందు అబద్ధమాడే భయం చిన్నదైపోయింది.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు తెర మీద ఆట చూస్తూ పడ్డ బంతిని పడ్డట్టు నోటితో చెప్పాలి. రెండోవాళ్లు హెడ్‌సెట్‌లో విని మీటలు నొక్కాలి. చూసేవాళ్లు నొక్కకూడదు, నొక్కేవాళ్లు చూడకూడదు. చూస్తే మనసు ముందుకి ఉరుకుతుంది, బంతి పడకముందే వేలు నొక్కేస్తుంది, అందుకని ఆ నియమం. లీలారాణిది వేలు. దేశానికి అటు పడమటి కొసన ఎన్నిస్ అనే ఊళ్లో ఒక అద్దె గదిలో కూర్చున్న యోనాది నోరు.

యోనా చీరాల కుర్రాడు. లిమరిక్‌లో ఎమ్మెస్ పూర్తిచేసి ఏడాది కాలేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోమని ఇచ్చిన వీసా మీద ఉన్నాడు. ఆ కొంచెం గడువులో కంపెనీ వర్క్ పర్మిట్ ఇప్పిస్తే ఉంటాడు, లేదా పెట్టె సర్దుకోవాలి. వీళ్లిద్దరూ ఒకరినొకరు కళ్లతో చూసుకున్నది లేదు.

"గుడ్ మార్నింగ్ మేడం," అన్నాడు మొదటి రోజు.

"మేడం ఏంటి బాబూ, అక్కా అను. ముందు నాకో సంగతి చెప్పు. ఈ ఆటలో వికెట్లు ఎక్కడుంటాయి?"

"ఉండవక్కా," అన్నాడు, నవ్వు ఆపుకోలేక.

అన్నీ అతనే నేర్పాడు. మూడు స్ట్రైకులకి, అంటే కొట్టలేకపోయిన మూడు బంతులకి, ఒకడు ఔట్, ముగ్గురు ఔటైతే జట్లు మారతాయి, బ్యాటు పారేసి పరిగెత్తాలి, వెనక్కి కొడితే పనికిరాదు. మొదటి వారం వెనక్కి పోయిన బంతికి ఆవిడ క్రికెట్ అలవాటు కొద్దీ పరుగులు ఇచ్చేసింది. యోనా ఇంగ్లిష్‌లో "కరెక్షన్, కరెక్షన్" అని అరిచి కాపాడాడు. ఆ లైనులో ఆట సాగుతున్నంతసేపూ ఇంగ్లిషే మాట్లాడాలి, అంతా రికార్డవుతుంది. జట్లు మారే విరామంలో మాత్రం రికార్డింగ్ ఆగుతుంది, అప్పుడు ఇద్దరూ గబగబా తెలుగులోకి దూకేవాళ్లు. ఏం వండుకున్నావు, బట్టలు ఆరాయా, చీరాలలో ఎండలెలా ఉన్నాయట.

అక్కడ సాయంత్రం ఆట మొదలయ్యే వేళకి ఇక్కడ పొద్దెక్కి ఉంటుంది. కృష్ణప్రసాద్ పనికెళ్లిపోతాడు, నిఖిల ఆన్‌లైన్ క్లాసులో ఉంటుంది, లీలారాణి వంటగది బల్ల దగ్గర కూర్చుంటుంది. కుక్కర్ పెట్టదు, విజిల్ మైకులోకి పోతుందని. చెవిలో యోనా గొంతు: "స్ట్రైక్, స్వింగింగ్. బాల్, అవుట్‌సైడ్. ఫౌల్." అన్నీ ఒక్క ఊపిరిలో, బస్సు కండక్టరు స్టాపుల పేర్లు చదివినట్టు. ఆ గొంతు వెనక ఖాళీ స్టేడియంలో చెక్కబ్యాటుకి బంతి తగిలిన చప్పుడు, ఎక్కడో డప్పు. జనం లేకపోయినా అక్కడ డప్పు కొట్టేవాళ్లని పెట్టారట.

రోజూ ఆట మొదలవ్వగానే లీలారాణి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆటగాళ్లలో ఎవరికీ జ్వరం లేదు కదా?"

"లేదక్కా. గేటు కాడే చూసి పంపుతున్నారు. ఉమ్మి వెయ్యకూడదంట, చేతులు కలపకూడదంట."

"ఒక్కడికి వచ్చిందంటే సీజనంతా ఆగిపోద్దేమో బాబూ."

"ఆగదులే అక్కా. ఆగితే మనం ఏమైపోతాం?"

అది సరదాకి అన్న మాట కాదు. ఆ లీగ్ సాగుతున్నంత కాలమే యోనాకి ఆ కుర్చీ. వరసగా రెండు ఆటలకి రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది. బయట ఎదురుచూసేవాళ్లు అంతమంది ఉన్నారు.

ఆ సంగతి లీలారాణికి బాగా తెలుసు, ఎందుకంటే అలా ఒకరి కుర్చీ ఆవిడ నోటి వల్లే పోయింది. స్వోర్డ్స్ అనే ఊళ్లో ఉండే శ్రీలేఖ అనే అమ్మాయి మే నెలలో ఒకరోజు, యోనా సెలవులో ఉంటే అతని బదులు చెబుతూ, లైనులో గట్టిగా దగ్గింది. అంతే, మన లీలారాణికి పైప్రాణాలు పైనే పోయాయి. వెంటనే సూపర్‌వైజర్ ఓర్లాకి ఫోన్ చేసి "ఆ పిల్లకి కరోనా, చూడండి" అని చెప్పింది. ఫోన్లో దగ్గితే ఇవతలి చెవికి అంటుకుంటుందనుకుందో ఏమో! ఓర్లా ఆ అమ్మాయిని ఆపేసింది. టెస్టులో ఏమీ లేదు. సన్నటి దుమ్ము పడక వచ్చిన దగ్గు. కానీ ఈలోపు ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చున్నారు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరూ పేరు పెట్టి అనలేదు గానీ, లీలారాణి మెసేజ్ పెడితే జవాబివ్వడం మానేశారు. రాత్రి అన్నం ముందు కూర్చుని ఆవిడ ఏడ్చింది. "ఇక మీదట ఎవరేమైపోయినా నా నోరు విప్పనండి," అని భర్తతో ఒట్టేసింది. కృష్ణప్రసాద్ హమ్మయ్య అనుకున్నాడు, పాపం.

జూన్ వచ్చింది. ఇక్కడ జూన్ అంటే గడ్డి పుప్పొడి కాలం, సగం దేశం తుమ్ముతూ ఉంటుంది. ఒక మంగళవారం యోనా చెప్పడం మొదలుపెట్టాడు: "స్ట్రైక్... స్వింగింగ్."

లీలారాణి వేలు గాలిలో ఆగింది. ఆ రెండు మాటల మధ్య ఎప్పుడూ ఖాళీ ఉండదు. ఇవాళ ఉంది. ఆ ఖాళీలో చిన్నగా ఊపిరి లాగిన చప్పుడు.

విరామం రాగానే అడిగింది. "ఏంటి బాబూ, ఆయాసం?"

"పుప్పొడి అక్కా. ముక్కు పట్టేసింది."

"ముక్కు పట్టేస్తే ముక్కుతో మాట్లాడతారు. నువ్వు మాట మధ్యలో ఆగుతున్నావు. జ్వరముందా?"

"లేదక్కా. ఇప్పుడే చూసుకున్నా."

చూసుకున్నాడు, నిజమే. పారాసిటమాల్ వేసుకున్నాక చూసుకున్నాడు. ఆ సంగతి ఆవిడకి అప్పుడు తెలీదు. అతనుండే ఇంట్లో మిగతా ఇద్దరూ ఒక మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. అలాంటి ఫ్యాక్టరీల్లో జబ్బు పాకుతోందని రేడియోలో రోజూ చెబుతున్నారు. అది మాత్రం ఆవిడకి తెలుసు.

సాయంత్రం తువ్వాలుతో గెంతుకుంటూ వచ్చిన భర్తని గుమ్మంలోనే పట్టుకుంది. "ఏవండీ, యోనాకి ఊపిరి ఆడట్లేదండి. నేను విన్నాను."

"నువ్వు కెటిల్ మరిగినా కరోనా అంటావు. ముందు నన్ను లోపలికి రానియ్యి."

"నిజమండీ బాబూ! మాటకీ మాటకీ మధ్య..."

"లీలా," అన్నాడాయన, ఈసారి నవ్వకుండా. "శ్రీలేఖ సంగతి గుర్తుంది కదా? వాడి పర్మిట్ కాగితాలు ఓర్లా బల్ల మీద ఉన్నాయని నువ్వే చెప్పావు. నీ అనుమానంతో వాడి బతుకు పాడుచెయ్యకు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆవిణ్ణి ఎరిగిన ఎవరైనా ఆ రోజు అదే మాట అనేవాళ్లు. ఆవిడ కూడా తనకి తాను అదే చెప్పుకుంది. ఇన్నేళ్లు తన భయం ఎన్నిసార్లు నిజమైంది? ఒక్కసారీ కాలేదు. ఏ మెరుపూ ఫ్రిజ్‌ని కాల్చలేదు, ఏ గార్డూ పట్టుకెళ్లలేదు. మరి ఇప్పుడెందుకు నమ్మాలి?

బుధవారం ఖాళీలు పెరిగాయి. ఇక్కడో చిక్కుంది. బంతి పడడానికీ, వివరం కంప్యూటర్లోకి ఎక్కడానికీ మధ్య ఎంత జాప్యమయిందో ఓర్లా తెర మీద ఒక గీతగా కనబడుతూ ఉంటుంది. గీత పైకి లేస్తే ఆవిడ లైనులోకి వచ్చేస్తుంది. ఆ రోజు గీత లేచింది. లీలారాణి తెర మూలన ఓర్లా మెసేజ్ మెరిసింది: "అంతా బాగానే ఉందా? కొంచెం ఆలస్యమవుతోంది."

లీలారాణి ఏం చేసిందో చూడండి. పుట్టి బుద్ధెరిగాక ఏ నియమమూ తప్పని మనిషి, దుకాణం ముందు నేల మీద గీసిన గీతల మీద బొమ్మలా నిలబడే మనిషి, నిఖిల పాత ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టుకుని ఆట వస్తున్న వీడియో తెరిచింది. నొక్కేవాళ్లు చూడకూడదు. ఆవిడ చూసింది. యోనా నోరు తెరిచే లోపే తనే నొక్కేసింది. గీత కిందికి దిగింది. ఓర్లా "గ్రాండ్" అని పంపింది.

మనవాణ్ణి కాపాడానని ఆ పూట ఆవిడ సంతోషించింది కూడా. గురువారమూ అలాగే చేసింది. యోనా ఆగుతూ, లాగుతూ, ఈడ్చుకుంటూ చెప్పే మాటలు ఇక ఎవరికీ అక్కర్లేదు, ఆవిడే అంతా చూసి నొక్కేస్తోంది. కంపెనీ లెక్కలో యోనా నిక్షేపంగా ఉన్నాడు. జబ్బుపడ్డ మనిషి మీద ఆవిడ దుప్పటి కప్పేసింది, పనిచేస్తున్నట్టు కనబడేలా.

గురువారం విరామంలో బతిమాలింది. "బాబూ, జీపీ డాక్టరుకి ఫోన్ చెయ్యి. నీకు దణ్ణం పెడతాను."

"చేస్తా... అక్కా. ఆదివారం... పోయినాక. సోమవారం... ఆట ఉండదు గదా. వరసగా రెండు... ఆటలు పోతే... తీసేస్తారు."

"తీసేస్తే తీసేస్తారు!"

"నీకేం అక్కా," అన్నాడు. కోపంగా కాదు. అలిసిపోయి. "నీకు ఇల్లుంది. బావ ఉండాడు. నాకు ఈ కుర్చీనే... గదా ఉండేది. చెప్పొద్దక్కా. నీ పాప మీద... ఒట్టు."

కూతురి మీద ఒట్టు పెట్టేసరికి ఆవిడ నోరు పడిపోయింది. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. కళ్లు మూస్తే చెవిలో అదే: మాట, ఖాళీ, మాట, ఖాళీ.

శుక్రవారం ఆట మొదలైంది. యోనా లైనులో ఉన్నాడు. జ్వరం ప్రశ్న ఆవిడ అడగలేదు, ఎవరి జ్వరం గురించి అడుగుతోందో తనకే తెలియని స్థితిలో ఉంది. అతను చెబుతున్నాడు, ఆవిడ ల్యాప్‌టాప్ చూస్తూ నొక్కుతోంది. చాలాసేపు అలాగే నడిచింది. అతని గొంతు ఇవాళ కొంచెం తేలికగా కూడా వినబడింది. తగ్గుతోందేమోలే అనుకుంది.

మూడో ఔటయింది. జట్లు మారుతున్నాయి. తెర మీద ఆటగాళ్లెవరూ లేరు. మాస్కులు కట్టుకున్న ఇద్దరు పనివాళ్లు మట్టి చదును చేస్తున్నారు.

"స్ట్రైక్," అన్నాడు యోనా. "లుకింగ్."

లీలారాణి తెర వైపు చూసింది. పనివాళ్లు మట్టి లాగుతున్నారు.

"బాల్. అవుట్‌సైడ్. ఫౌల్. ఫౌల్."

మైదానంలో బంతి లేదు. వేసేవాడు లేడు, కొట్టేవాడు లేడు. కుర్రాడు మాత్రం వరసగా, శ్రద్ధగా, ఎప్పటి లాగే ఒక ఆట చెబుతున్నాడు. లోకంలో ఆ సంగతి తెలిసింది ఆవిడ ఒక్కర్తికే. ఎందుకంటే చూడకూడనిది చూస్తున్నది ఆవిడే. పాత పద్ధతిలో విని నొక్కుతూ ఉండి ఉంటే, లేని బంతులకి గంట మోగి కంపెనీ అంతా ఉలిక్కిపడేది. అంతదాకా ఎందుకు, మొన్న బుధవారమే ఆ గీత లేచి ఉలిక్కిపడేది! ఆ గంట మోగకుండా తనే మూడు రోజులుగా చెయ్యి అడ్డం పెట్టింది. అయ్యో, ఎంత పని చేశాను, అనుకుంది.

"యోనా! ఇటు చూడు, మాట్లాడు. ఏం చూస్తున్నావు నువ్వు?"

"ఫుల్ కౌంట్... అక్కా," అన్నాడు గౌరవంగా. "రన్నర్ ఆన్ సెకండ్."

తెర మీద ఒక ఎర్ర మీట ఉంటుంది. అది నొక్కితే ఆట వివరం లోకానికంతా ఒక్కసారి ఆగిపోతుంది. ఎందుకు ఆపావని పై నుంచి కింద దాకా అందరూ అడుగుతారు. ఆ మీట వైపు చూడ్డానికే ఆవిడకి భయం, దాని మీద చిన్న కాగితం ముక్క అంటించుకుంది. ఆ కాగితం మీదే వేలు పెట్టి నొక్కేసింది. అదే చేత్తో మొబైల్ తీసి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

ఇల్లెక్కడని అడిగారు. దేవుడి దయ, ఆవకాయ పార్సిల్ పంపడానికి అడిగినప్పుడు యోనా పంపిన ఎయిర్‌కోడ్ ఫోన్లో ఉంది. ఈ దేశంలో ప్రతి ఇంటికీ ఒక ఎయిర్‌కోడ్, అది చెబితే ఇంటి గుమ్మం దాకా వచ్చేస్తారు. చెప్పింది.

"మీరు అతనికి ఏమవుతారు?"

"అక్కని," అంది లీలారాణి, తడుముకోకుండా.

"అతను మెలకువగా ఉండాలి. మాట్లాడిస్తూ ఉండండి. దగ్గర్లోని గార్డుల్ని కూడా పంపుతున్నాం."

గార్డులు. ఎప్పుడూ అవతలి వైపుకి దాటేసే మనిషి, "త్వరగా పంపండి, తలుపు పగలగొట్టమనండి," అని ఫోన్లో అరిచింది. ఆ అరుపుకి నిఖిల క్లాసు వదిలేసి మెట్లు దిగి వచ్చింది. అమ్మ మొహం చూసి ఈసారి యూ'ర్ గ్రాండ్ అనలేదు. దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"యోనా, తర్వాత? తర్వాత బంతి ఏమైంది?"

"బాల్... లో."

"ఆ, నొక్కాను. తర్వాత?"

ఓర్లా మెసేజ్‌ల మీద మెసేజ్‌లు వస్తున్నాయి. ఆవిడ ఆ మెసేజ్‌ల తెర మూసేసింది. చెవిలో ఊపిరి గీసుకుంటున్నట్టు వినబడుతోంది. మాట వచ్చేసరికి ఆలస్యమవుతోంది. ఒక్కోసారి రాదేమో అనిపిస్తోంది. రానప్పుడల్లా ఆవిడ బల్ల గట్టిగా పట్టుకుంటోంది. "తర్వాత ఏమైంది బాబూ? నాకు చెప్పు, నాకు కనబడట్లేదు."

అప్పుడు హెడ్‌సెట్‌లో దూరంగా తలుపు చప్పుడయింది. ఎవరో బాదుతున్నారు. మగ గొంతు: "గార్డులం! తలుపు తియ్యండి!"

"యోనా, మన కోసమే వచ్చారు. లేచి తలుపు తియ్యి."

"ఆట... మధ్యలో... లేవకూడదు గదా... అక్కా."

నిజమే. మూడో ఔట్ అయ్యేదాకా చెప్పేవాడు కుర్చీ వదలకూడదు. అదీ ఒక నియమం. చచ్చేంత జ్వరంలో అతనికి ఇంకేదీ గుర్తులేదు, ఆ ఒక్కటీ గుర్తుంది.

"ఆట అయిపోయింది బాబూ!"

"లేదక్కా. రెండు ఔట్లే... ఇంకోటి... కావాల."

తలుపు ఇంకా బాదుతున్నారు. అది గట్టి తలుపు, లోపల గొళ్లెం. పగలగొట్టేలోగా ఏమవుతుందో ఎవరికి తెలుసు? లీలారాణి ఎప్పుడూ బంతి చెప్పలేదు. ఆవిడది వేలే గాని నోరు కాదు. హెడ్‌సెట్ మైకు పెదాలకి దగ్గరగా లాక్కుని, అతను చెప్పినట్టే, తొణక్కుండా, ఒక్క ఊపిరిలో చెప్పింది.

"స్ట్రైక్ త్రీ, స్వింగింగ్. త్రీ ఔట్స్. సైడ్ ఛేంజ్."

ఊపిరి లాగిన చప్పుడు.

"నొక్కేశాను యోనా. లెక్కలోకి ఎక్కింది. ఇక లే."

"సరే... అక్కా," అన్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడు. హెడ్‌సెట్ బల్ల మీద పడ్డ చప్పుడు. ఈడ్చుకుంటూ అడుగులు. గొళ్లెం తీశాడు. ఆ వెంటనే నేల మీద బరువుగా ఏదో పడింది. తర్వాత గదినిండా మనుషులు, బూట్లు, అరుపులు, "ఆక్సిజన్, ఆక్సిజన్" అన్న గొంతులు. లీలారాణి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. చెవి నుంచి హెడ్‌సెట్ మాత్రం తియ్యలేదు. చివరికి ఆ గదిలో తలుపేసిన చప్పుడు విన్నాక నిఖిలే నెమ్మదిగా తీసింది.

యోనాని లిమరిక్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరి కోసం గొంతులో గొట్టం వేశారు. కుటుంబంవాళ్లకి తప్ప ఎవరికీ వివరాలు చెప్పరు. కుటుంబం అని రాసిన చోట లీలారాణి నంబరుంది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. "నిన్నటిలాగే" అనేవాళ్లు. ఆ మాట కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడేది, ఆ మాట విని కూలబడేది. కృష్ణప్రసాద్ ఆ రోజుల్లో ఒక్క వెటకారం ఆడలేదు. షెడ్డులో ఆయనంతట ఆయనే డెట్టాల్ కలుపుకునేవాడు. ఒకసారి మాత్రం, "నేనే వద్దన్నాను లీలా," అన్నాడు.

"మీరు వద్దన్నారు. విన్నది మాత్రం నేనండి," అంది ఆవిడ. అంతకంటే ఆ ఇంట్లో ఆ ప్రస్తావన రాలేదు.

ఓర్లాకి అంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది, ఆట చూసిన సంగతితో సహా. అక్కడ సీజన్ సాగుతూనే ఉంది. యోనా కుర్చీలో ఎవరో, లీలారాణి కుర్చీలో ఎవరో కూర్చున్నారు. లీలారాణి ఎవరని అడగలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం కూరగాయలు కడుగుతుంటే ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు. ఆవిడ చేతులు తడి. నిఖిల తీసి చెవి దగ్గర పెట్టింది.

"గొట్టం తీసేశాం," అంది నర్సు. "మాట ఇంకా సరిగ్గా రాదు. మీకే ఫోన్ చెయ్యమని సైగ చేస్తున్నాడు. అతని చెవి దగ్గర పెడుతున్నాను, ఒక్క నిమిషమే."

గరగరమంది. తర్వాత ఆ చప్పుడు. ఊపిరి. సన్నగా, బొంగురుగా, కానీ ఆగకుండా.

"అ..." అన్నాడు యోనా.

"మాట్లాడకు బాబూ. గమ్మునుండు." తడిచేతులతోనే ఫోన్ లాక్కుంది. చెప్పాల్సింది ఒకటుంది. "నేను విన్నాను యోనా. మంగళవారమే విన్నాను. విని కూడా నీ మీద దుప్పటి కప్పాను. నీ కుర్చీ పోతుందని భయపడ్డాను గాని నువ్వు పోతావని..." మాట పూర్తికాలేదు. "నన్ను తిట్టాలనుంటే తిట్టు. తర్వాత తిట్టు. ఇప్పుడు ఊరికే ఊపిరి తీసుకో. నేను వింటాను."

అతను తీసుకున్నాడు. వదిలాడు. మళ్లీ తీసుకున్నాడు. పంపు కింద నీళ్లు పోతూనే ఉన్నాయి, నిఖిల వెళ్లి కట్టేసింది. నర్సు ఇక చాలంది. ఇంకొక్క నిమిషమమ్మా అని బతిమాలి, లీలారాణి వంటగది నేల మీద కూర్చుని వింటూనే ఉంది.